గంటలు మూగబోయిన గడప

మేఘదుర్గ రాజ్యంలో పాతకాలం నుంచి ఒక ధర్మం ఉంది. మరణశిక్ష పడినవాడి రక్తసంబంధులలో ఎవరైనా ముందుకు వచ్చి, "హంతకుడు నడిచిన దారి నేను నడిచి చూపిస్తాను" అని అడిగితే, ఆ పొద్దు కుంకేవరకు శిక్ష ఆపాలి. దానికి జాడతీర్పు అని పేరు. నూరేళ్ళలో ఇద్దరే ఇద్దరు అడిగారు. ఇద్దరూ ఓడిపోయారు.

మూడోసారి అడిగింది కురంగి.

పద్దెనిమిదేళ్ళ పిల్ల. గంటకోల వాళ్ళ ఆడపడుచు. రాజుగారి లేఖలు మోసుకుని కొండలూ వాగులూ దాటుకుంటూ పరిగెత్తడం ఆ వంశం వాళ్ళ వృత్తి. వాళ్ళ చేతిలో నిలువెత్తు వెదురుకోల ఉంటుంది. కోలకు కింద ఇనుప పోటు, పైన ఏడు కంచు గంటలు. ఆ గంటలు వినబడితే పల్లకీలు పక్కకు ఒదగాలి, పట్టపుటేనుగైనా నిలవాలి. తిండికి లేని రోజుల్లో కూడా గంటకోల వాళ్ళు తల వంచుకుని నడిచింది లేదు.

మణికంధర మహారాజు కొలువుకూటంలో నూటెనిమిది చందనపు స్తంభాలు. స్తంభం స్తంభానికీ మధ్య ముత్యాల జాలర్లు. నీలాల కళ్ళున్న వెండి సింహాలు సింహాసనాన్ని మోస్తున్నాయి. అంత వైభవం నడుమ, అద్దంలాంటి నేల మీద, సంకెళ్ళతో నిలబడి ఉన్నాడు కురంగి అన్న గాలన్న.

"నేరం రుజువైంది ప్రభూ," అన్నాడు దండనాయకుడు రణభీముడు. ఆజానుబాహువు. పదిహేనేళ్ళ కిందట ఏదో దూరదేశపు రాజవంశం పేరు చెప్పుకుని వచ్చి, ఖడ్గం బలంతో ఇంతవాడయ్యాడు. "నిన్న పొద్దున మూడో గడియ కొట్టినప్పుడు గురుదేవులు వామదేవాచార్యులు శిష్యుణ్ణి దర్భలకు పంపారు. ఐదో గడియ కొట్టాక శిష్యుడు తిరిగివచ్చి చూస్తే ఆయన గుండెలో పోటు. మెడలో నాగముద్రిక లేదు. ఆ మధ్యలోనే, తలపాగా చెంగు ముఖానికి చుట్టుకున్న గంటకోల వాడొకడు మెట్లు దిగి పరిగెత్తడం యాభై మంది చూశారు. ఆ పూట వంతు వీడిది. కొండకింద రేవు పక్కనున్న, లేఖలు చేతులు మారే అంచెపాకలో, నెత్తురంటిన కోల పక్కన పెట్టుకుని, నిద్ర నటిస్తూ దొరికాడు."

"నటన కాదు," అన్నాడు గాలన్న. "ఎవరో సైనికుడు చల్ల ఇచ్చాడు. తాగాను. అంతే ఎరుక."

"అందరూ చల్ల తాగుతారు. అందరి పక్కనా నెత్తురు కోల దొరకదు."

సభలో నవ్వులు. రాజు మాత్రం నవ్వలేదు. ఆయన ఒక్కగానొక్క కొడుకు నల్లకొండల మాంత్రికుడు కంకాళనాథుడి చెరలో ఉన్నాడు. ఆ గుహ తలుపుకు తాళంచెవి నాగముద్రిక ఒక్కటే.

కురంగి ముందుకు వచ్చింది. మెడ నిటారుగానే ఉంది.

"ప్రభూ, దిగినవాణ్ణి యాభై మంది చూశారన్నారు. ఎక్కినవాణ్ణి ఎవరు చూశారు?"

ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. కొండ ఎక్కకుండా కొండ దిగేవాడెవడు?

"మా అన్న వేకువనే రేవు పాకకు చేరాడు. అక్కణ్ణుంచి పైకి రెండువేల మెట్లు. పూలవాళ్ళు, పాలవాళ్ళు, భక్తులు మెట్టుకొకరు ఉంటారు. గంటకోల వాడు పైకి వెళ్ళడం ఒక్కరైనా చూడాలి కదా? జాడతీర్పు అడుగుతున్నాను. పొద్దు కుంకేవరకు నా అన్న ప్రాణం నాది."

రణభీముడు మీసం మీద చెయ్యి వేసి నవ్వాడు. "పరుగుల పిల్లా, పరిగెత్తు. మీవాళ్ళకు వచ్చిందదేగా."

"అవును దొరా. మాకు వచ్చిందదే. మిగతావాళ్ళకు అదీ రాదు."

*

కురంగి మొదట పైకోట గట్టుకు వెళ్ళింది. అక్కడ నదికి నిలువునా పైన, కొండ అంచున, ఎద్దులు గానుగలో లాగా తిరుగుతుంటే మోకు చుట్టుకునే పెద్ద చక్రం ఉంది. కింద నదిలో మునిగిన తోలుబానలు ఆ మోకు పట్టుకుని పైకి వచ్చి రాతితొట్టిలో ఒలుకుతాయి. పైకోట దాహం తీర్చేవి అవే. ఎద్దులు తోలే బసివయ్య చుట్ట వెలిగించుకుంటున్నాడు.

"బసివయ్య మామా, నిన్న మూడో గడియ తరవాత బానల్లో వింతేమైనా ఉందా?"

"వింతేముందే పిల్లా, నీళ్ళే." అంటూనే ఆగాడు. ఎద్దు మూపురం నిమురుతూ ఆలోచించాడు. "ఉండుండు. ఒక బానకి నా రాముడు, భీముడు ఇద్దరూ మోకాళ్ళ మీద పడ్డారు. అంత బరువు. తీరా తొట్టిలో చూస్తే సగం నీళ్ళు కూడా లేవు! బాన చిరిగిందేమో అనుకున్నా. కొత్త బానేనాయె."

"బాన వచ్చేటప్పుడు నువ్వు చూడలేదా?"

"నేనెట్లా చూస్తానే? నా మొహం ఎద్దుల వైపు. బాన వచ్చేది నా వీపు వెనక. ఇరవై ఏళ్ళుగా నా వీపే చూసింది ఆ బానల్ని."

కురంగి గట్టు అంచు వరకు పోయి కిందికి చూసింది. కింద రేవు, రేవు పక్కన నీళ్ళ మడుగు, దాని పక్కనే అంచెపాక. ఎక్కినవాడు ఎవరి కంటా పడకుండా ఎలా ఎక్కాడో తెలిసిపోయింది. మత్తు కలిపిన చల్ల తాగి పడివున్న గాలన్న కోల, తలపాగా తీసుకుని, బానలో ముడుచుకుని కూర్చుని, సగం నీళ్ళు ఒలికించి, అర గడియలో పైకి వచ్చాడు.

"మామా, నిన్న రేవులో ఎవరున్నారో తెలుసా?"

"ఎవరూ లేరు. రాజుగారి పడవ వస్తోందని దండనాయకుడు మూడో గడియకే రేవంతా ఖాళీ చేయించాడు. ఆయన ఒక్కడూ గుడారంలో ఉన్నాడంట. పిట్టని కూడా రానివ్వలేదు."

కురంగి వేళ్ళు మడిచి లెక్క వేసింది. ఐదో గడియ కొట్టినప్పుడు రాజుగారి చెయ్యి అందుకుని పడవ దించింది రణభీముడే. పొద్దున కొలువులో రాజే ఆ మాట చెప్పాడు. మూడో గడియకు రేవులో ఉన్నాడు, ఐదో గడియకు రేవులో ఉన్నాడు. నడుమ ఉన్నది రెండు గడియలు. బానలో ఎక్కడానికి అర గడియ. పెరటి దారిన దూరి గురువుగారి ఇంట్లో చేసిన పాపానికీ, కోట నుంచి లేఖ తెస్తున్నవాడిలా దిగడానికి తలుపు వరకు తిరిగి నడిచి రావడానికీ ఒక గడియ. మిగిలింది అర గడియ. మామూలు మనిషి రెండువేల మెట్లు దిగడానికి గడియ పైన పడుతుంది. అర గడియలో ఆ మెట్లు దిగిన మనిషి వాళ్ళ వంశంలోనే ఒక్కడు, ఆమె తండ్రి. ఆయన పోయి ఆరేళ్ళయింది.

లెక్క అక్కడ ఆగిపోయింది. ఎండ నడినెత్తికి వచ్చింది.

*

గురువుగారి ఇల్లు పైకోట తలుపుకు ఇరవై మెట్ల కిందుగా, దారి పక్కనే ఉంటుంది. దానికి ఎదురు అరుగు మీద పూలు కట్టే తిమ్మక్క. ఆమె కూడా గంటకోల వాళ్ళ ఇంటి కోడలే. మొగుడు వాగులో కొట్టుకుపోయాడు. పన్నెండేళ్ళ కొడుకు చెంచయ్య ఒక పండగనాడు పెద్దలు కొట్టారని అలిగి కోల విసిరేసి వెళ్ళిపోయాడు. ఆ రోజు తలుపు దగ్గర పెట్టిన చద్దన్నం ముంత ఇప్పటికీ ఆమె బోర్లించలేదని అంటారు. ఇరవై ఏళ్ళుగా ఆమె చేతులు పూల మీద, చెవులు మెట్ల మీద.

"పెద్దమ్మా, నిన్న దిగినవాణ్ణి నువ్వు చూశావా?"

"నాకు కళ్ళెక్కడివే బిడ్డా, పొరలు కమ్మినయ్యి. విన్నా."

"ఏం విన్నావు?"

తిమ్మక్క దారం తెంపింది. "కోట తలుపు కాడ గంటలు మొదలయినయ్యి. ఘల్లు ఘల్లున వచ్చినయ్యి. ఇదుగో, ఈ గురువుగారి గోడ మొదలు కాడ ఆగిపోయినయ్యి. అడుగులు ఆగలా. గంటలే ఆగినయ్యి. గోడ దాటినాక మళ్ళీ ఘల్లుమన్నయ్యి."

కురంగి గోడ మొదలు వైపు తిరిగి చూసింది.

గంటకోల వాళ్ళకు ఒక ఆచారం ఉంది. బయటివాళ్ళకు చెప్పరు, చెప్పవలసిన అవసరం రాలేదు. శవం ఉన్న ఇంటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఎడంచేత్తో గంటల గుత్తి గుప్పిట పడతారు. రాజాజ్ఞ కంటే పెద్ద ఆజ్ఞ ఆ గడపలోకి వచ్చింది, దాని ముందు మన గంట మోగకూడదు అని పెద్దలమాట. నడక రాకముందే పిల్లలకు ఆ గుప్పిట అలవాటవుతుంది. నిద్రలో నడిచేవాడైనా చావింటి ముందు గంట పట్టుకుంటాడు.

"కానీ పెద్దమ్మా, అప్పటికి గురువుగారు పోయారని ఎవరికీ తెలియదు కదా! శిష్యుడు వచ్చింది ఆ తరవాత!"

"అదేనే బిడ్డా. ఆ ఇంట్లో శవం ఉందని తెలిసినవాడే వెళ్ళాడు. మనవాడే వెళ్ళాడు."

"ఆ అడుగులు ఎవరివో పోల్చావా?"

తిమ్మక్క మళ్ళీ పూల మీదికి వంగింది. "ముసలి చెవులు," అంది. కురంగి ఆమె చేతులు చూసింది. ముడి వేసినచోటే మళ్ళీ ముడి, దాని మీద మళ్ళీ ముడి వేస్తోంది. దండ ముందుకు సాగడం లేదు.

"పెద్దమ్మా, ఈ మాట ఎవరికీ చెప్పకు," అంది కురంగి.

"ఎవరికి చెప్తానే," అంది తిమ్మక్క.

*

మధ్యాహ్నం తిరగగానే రాజు, మంత్రులు, నగరం నగరమంతా రేవులో గుమిగూడింది. గడియలు కాచే సోమయ్య తన రాగి గడియకుడుకను నీళ్ళ గంగాళంలో తేలవేశాడు. అడుగున సన్నని చిల్లి ఉన్న ఆ కుడుక నీళ్ళు నిండి మునిగితే ఒక గడియ.

"తాతా, నీ కుడుక సరిగ్గా మునుగుతుందా?"

"అమ్మడూ, నా పెళ్ళాం అబద్ధమాడుతుందేమో గానీ నా కుడుక ఆడదు. అది మునిగిందంటే మునిగిందే. కానియ్."

తండ్రి కోల వీపుకు కట్టుకుని కురంగి బానలో దూకింది. మోకు బిగిసింది. బాన నీళ్ళు కార్చుకుంటూ గాలిలోకి లేచింది. కింద జనం చీమలయ్యారు, పడవలు చింతాకులయ్యాయి.

సగం దూరం వచ్చేసరికి సూర్యుడికి ఏదో అడ్డం పడింది.

తలెత్తి చూసింది. గద్ద తల, గబ్బిలం రెక్కలు, ఏనుగు గున్నంత ఒళ్ళు. ముక్కు నుంచి పొగ. కంకాళనాథుడు పెంచే రాకాసి గద్ద! అది రివ్వున వాలి మోకును ముక్కుతో పట్టి ఒక పురి తెంపింది. బాన ఒక పక్కకు ఒరిగింది. మళ్ళీ వచ్చింది. రెండో పురి తెగింది. మిగిలింది ఒక్కటే.

కురంగి బాన అంచు మీద నిలబడి, మోకు పట్టుకుని, తెగిన చోటును దాటి పైకి పాకింది. కాళ్ళ కింద మూడో పురి పటుక్కుమంది. బాన గింగిరాలు తిరుగుతూ నదిలో పడి నీళ్ళు తాటిచెట్టంత ఎత్తుకు లేచాయి. కింద జనం హాహాకారాలు చేశారు. గద్ద మూడోసారి వచ్చింది. ఒక చేత్తో వేలాడుతూ, రెండో చేత్తో వీపు మీది కోల లాగి, దాని కంట్లో పొడిచింది. అది కొండలు అదిరేలా అరిచి, నల్లటి నెత్తురు చిలకరించుకుంటూ మబ్బుల్లోకి పోయింది.

అరచేతులు చీరుకుపోతుంటే కురంగి మోకు వెంట ఎగబాకి గట్టెక్కింది. బసివయ్య గుడ్లు తేలేశాడు. "నీ అమ్మ కడుపు చల్లగుండ! ఈసారి నా వీపు తిప్పి చూశానే!"

ఆమె ఆగలేదు. గురువుగారి ఇంటి పెరట్లోకి వెళ్ళింది, తిరిగి కోట తలుపు దగ్గరకు వచ్చింది, గంటలు ఘల్లుమనిపించి మెట్ల మీదికి దూకింది. మూడేసి మెట్లకు ఒక దూకు, మలుపు మలుపుకూ కోల పోటు నాటి ఒక గిరక. గాలి చెవుల్లో ఈలలు వేసింది. రాళ్ళు నిప్పులు రాల్చాయి. జనం "తప్పుకోండి తప్పుకోండి" అని గోడలకు అంటుకుపోయారు. గురువుగారి గడప ముందు ఆమె ఎడంచెయ్యి తనంతట తానే లేచి గంటలు పట్టింది. తిమ్మక్క తల వంచుకుంది.

రేవు ఇసుకలో కురంగి కాలు పడేసరికి సోమయ్య చెయ్యి ఎత్తాడు. రెండో కుడుక అప్పుడే బుడుంగున మునిగింది. ముసలివాడి ముఖం వాడిపోయింది.

"ఒక్క ఊపిరి ఆలస్యం, అమ్మడూ. అబద్ధం చెప్పలేను."

"చెప్పవద్దు తాతా," అంది కురంగి రొప్పుతూ. "దూరం విషయంలో మేమూ అబద్ధం చెప్పం. ప్రభూ, దారిలో రాకాసి గద్దతో పోరాడాను. అయినా ఒక్క ఊపిరే తగ్గింది. గద్ద లేనివాడికి ఈ పని సాధ్యం. హంతకుడు రేవు నుంచి బానలో ఎక్కి, మెట్ల మీదుగా దిగి, మూడుకూ ఐదుకూ మధ్య మళ్ళీ రేవుకు చేరాడు."

రాజు తల ఊపాడు. సభాసదులు "నిజమే, నిజమే" అన్నారు. అప్పుడు రణభీముడు నెమ్మదిగా చప్పట్లు కొట్టాడు.

"భేష్! చాలా బాగా నిరూపించింది ప్రభూ. ఈ పని గంటకోల వాడు తప్ప లోకంలో మరొకడు చేయలేడని కళ్ళకు కట్టింది. రేవులో ఉన్న గంటకోల వాడు ఎవడు? దీని అన్న. పాపం, అన్న మెడకు చెల్లెలే ముడి బిగించింది."

గాలన్న చెల్లెలి వైపు చూసి చిన్నగా నవ్వాడు. "పోనీలేవే కురంగీ. నాన్న తరవాత అంత వేగంగా దిగింది నువ్వే. చూశాను. చాలు."

తండ్రి కూడా ఆఖరి పరుగుకు అలాగే నవ్వి వెళ్ళాడు. కురంగి రాజు వైపు తిరిగింది.

"అలాగే కానివ్వండి ప్రభూ. పొద్దు ఇంకా మిగిలి ఉంది. శిక్షకు ముందు జరగవలసిన విధి ఒకటి ఉంది కదా? చంపిన ఆయుధాన్ని నేరం మోపినవారే స్వయంగా మోసుకువెళ్ళి చనిపోయినవారి గడప ముందు పెట్టాలి."

"ఉంది," అన్నాడు రాజు. "రణభీమా, కోల తీసుకో."

*

పడమటి ఆకాశం కుంకుమభరిణె ఒలికినట్టుంది. మెట్ల మీద ఊరేగింపు పాములా సాగింది. ముందు రణభీముడు నెత్తురంటిన కోల పట్టుకుని నడుస్తున్నాడు. అడుగడుక్కీ గంటలు ఘల్లుమంటున్నాయి. అతని వెనక గాలన్న, పక్కనే కురంగి, ఆ వెనక రాజు, గంటకోల పెద్దలు. పైన, మరణశిక్ష అమలు చేసే గరుడశిల కనిపిస్తోంది. అక్కణ్ణుంచి తోస్తే మనిషి నదిలో పడేసరికి ప్రాణం ఉండదు.

కురంగి దేనివైపూ చూడటం లేదు. ఆమె చూపంతా అతని ఎడంచేతి మీదే.

గురువుగారి గోడ వచ్చింది. గడప ముందు దీపం, లోపల దర్భల మీద ఆచార్యుల దేహం. రణభీముడు తల ఎత్తి, రొమ్ము విరుచుకుని, నడుస్తూనే ఉన్నాడు.

గంటలు ఆగిపోయాయి.

అతని ఎడంచెయ్యి పైకి లేచి ఏడు గంటల గుత్తిని గుప్పిట పట్టింది. అతనికి తెలియనే తెలియదు. వెనక నడిచే గంటకోల పెద్దల నోళ్ళ నుంచి ఒక్కసారిగా 'ఆ' అన్న శబ్దం వెలువడింది.

"ప్రభూ, ఆగండి!" కురంగి గొంతు కొండంతా మోగింది. "ఆ చెయ్యి చూడండి! చావింటి ముందు గంట పట్టేది గంటకోల వాళ్ళొక్కరే. నిన్న దిగినవాడు కూడా ఇక్కడే గంట పట్టాడు, గురువుగారు పోయారని లోకానికి తెలియకముందే!"

రణభీముడు తన చేతిని చూసుకున్నాడు. చటుక్కున వదిలేశాడు. గంటలు ఘల్లుమన్నాయి. "ఏం మాటలివి! గంటలు మోగుతుంటే చిరాకేసి పట్టుకున్నాను. నేను సూర్యవంశపు..."

"ఒరే చెంచయ్యా!"

అరుగు మీద నుంచి తిమ్మక్క లేచింది. ఒడిలోని పూలు మెట్ల మీద దొర్లాయి. రణభీముడి తల ఆ పిలుపు వైపు గిరుక్కున తిరిగింది. తిప్పాక, తిప్పకూడదని అతనికి తెలిసింది.

"ఇరవై ఏళ్ళు ఆ పరుగు అడుగుల కోసం చెవులు పెట్టుకు కూచున్నానురా. నా ముందే పల్లకీలో పోయేవాడివి నువ్వని ఎరగలా. నిన్న వచ్చినయ్యి. నా కొడుకొచ్చాడని లేవబోయా. అంతలో నీ గంటలు ఆగినయ్యి." ఆమె తడుముకుంటూ ఒక మెట్టు దిగింది. "నిన్నంతా నోరు మూసుకున్నా. ఇయ్యాల పొద్దు కూడా మూసుకున్నా. ఇంకొక తల్లి బిడ్డని నీ బదులు తోసేస్తుంటే మూసుకోలేనురా."

రాజు ముందుకు వచ్చాడు. "నిన్న నన్ను పడవ దించేటప్పుడు నీ జుట్టు తడిగా ఉంది. నదిలో స్నానం చేశానన్నావు. అది తోలుబాన నీళ్ళు కదూ?"

రణభీముడు ఒక అడుగు వెనక్కి వేశాడు. కురంగి అతని ఎదుటికి వచ్చి నిలబడింది. ఆమెకు కోపంతో పాటు ఇంకేదో కూడా కలిగింది. దాన్ని దాచుకోలేదు.

"అర గడియలో రెండువేల మెట్లు! మా నాన్న తరవాత నువ్వే అన్నా. అంత పరుగు పరిగెత్తి, నాది అని చెప్పుకోవడానికి నోరు రాని బతుకా నీది?"

ఆ దెబ్బకు అతని ముఖం ఎర్రబడింది. పదిహేనేళ్ళు దాచిన రహస్యం ఆ ఒక్క మాటకు బద్దలైంది.

"అర గడియ కూడా కాదే! ఇంకా తక్కువ!" అని గర్జించాడు. "నీలాగా రొప్పలేదు కూడా. రాజుగారి చెయ్యి పట్టుకున్నప్పుడు నా చెయ్యి వణికిందేమో అడుగు! కాళ్ళతో పుట్టినవాణ్ణి తలతో బతకనివ్వలేదు మీ పెద్దలు. కంకాళనాథుడు నాకు కిరీటం ఇస్తానన్నాడు!"

కవచం చీల్చి నాగముద్రిక బయటికి తీశాడు. పచ్చల పాము వెలుగు మెట్లంతా పాకింది. కోల విసిరికొట్టి ఈల వేశాడు. మధ్యాహ్నం కన్ను పోయిన రాకాసి గద్ద మబ్బు చీల్చుకుని దిగింది. సైనికుల ఈటెలు దాని రెక్కలకు తగిలి పుల్లల్లా విరిగాయి. రణభీముడు దాని మెడ మీదికి ఎగిరాడు. ఆ ఎగరడంలో ఒక్కసారి తల్లి వైపు చూశాడు. ఆమె చేతులు చాచే ఉంది. పిలవలేదు.

"గాలన్న సంకెళ్ళు తీయండి!" రాజు అరిచాడు.

ఇనుము నేలమీద పడిన చప్పుడు కురంగి విన్నది. దాని కోసమే కదా ఆమె తెల్లవారినప్పటి నుంచి పరిగెత్తింది. అన్న చేతులు ఆమె భుజాల మీద పడ్డాయి.

"బతికించావే చెల్లీ!"

"బతుకు మరి. తిమ్మక్క పెద్దమ్మని చూసుకో."

"అంటే? ఏయ్, ఎక్కడికి?"

అప్పటికే ఆమె అతని చేతుల్లో లేదు. ముద్రిక పోతే యువరాజు లేడు, గంటకోల వాడు దొంగిలించాడన్న మచ్చ వెయ్యేళ్ళు పోదు. మూడు దూకుల్లో గరుడశిల చేరింది. గద్ద లోయ మీదికి తిరిగి రెక్క విప్పుతోంది. శిల అంచున కోల పోటు నాటి, కురంగి శూన్యంలోకి ఎగిరింది. ఒక్క క్షణం ఆమె కింద ఆకాశమే తప్ప ఏమీ లేదు. తరవాత పొలుసుల కాలు ఒకటి గుప్పిటకు దొరికింది.

కిందనుంచి అన్న కేక, జనం కేకలు. చీకట్లు నిండిన లోయ ఆమెను మింగేసింది. ఇక గట్టు మీదివాళ్ళకు ఆమె కనిపించదు.

పడిపోయిందనుకుంటారు. అన్న ఆ శిల మీదే కూర్చుని, తిమ్మక్క లాగా, ఇరవై ఏళ్ళు చెవులు పెట్టుకుంటాడు.

కురంగి ఒక చేత్తో వేలాడుతూనే రెండో చేత్తో తండ్రి కోలను గాలిలోకి ఎత్తింది. పైన రణభీముడు కత్తి దూసి వంగుతున్నాడు. ముందు నల్లకొండలు నోరు తెరుచుకుని వస్తున్నాయి. అవేవీ చూడకుండా, చెయ్యి నొప్పెట్టేదాకా, ఆమె ఆ ఏడు గంటలనూ ఊపుతూనే ఉంది, ఘల్లు ఘల్లుమని, మేఘదుర్గంలో చివరి మెట్టు మీద ఉన్నవాడికి కూడా వినబడేలా.